ఓడ మీద ఎత్తకూడని పేరు

ఓడ వంటగదిలో నూకరత్నం తండ్రి ఎల్లాజీ చేపముక్కలకు పసుపు పట్టిస్తున్నాడు, ఆ వంటగది గోడకేమో విశాఖపట్నంలో ఆమె గ్రీకు నేర్చుకునే క్లాసులోని నల్లబల్ల వేలాడుతోంది, తండ్రి పోయి మూడేళ్లయిందని ఆమెకు తెలుసు, అయినా ఉల్లిపాయలు తరగమంటాడేమోనన్న భయమే ముందు కలుగుతోంది.

"ఏటమ్మా, ఇంత దూరం వచ్చేవు?"

"గ్రీకులో ఓ క్రియ నేర్పేరు నాన్నా. కతాగొమె. మన పుట్టుక ఫలానా ఊరని చెప్పడానికి. రేపు పరీక్షలో దాంతో నా ఊరు చెప్పాల."

"నాకు తెలీదేటి? ఓడెక్కిన రోజే మా గ్రీకు కెప్టెన్ ఆ మాటతోనే అడిగేడు. వైజాగ్ అన్నాను."

"మనది వైజాగ్ కాదు గదా?"

ఎల్లాజీ పసుపు చెయ్యి ఆమె నోటికి అడ్డం పెడతాడు. సముద్రం తీసుకున్నదాని పేరు సముద్రం మీద ఎత్తకూడదు, ఎత్తితే మిగిలినదాని కోసం వస్తుందని వాళ్ల ఊరివాళ్ల నమ్మకం. వాళ్ల ఊరు నూకరత్నం పుట్టకముందే ఇల్లు తర్వాత ఇల్లుగా నీళ్లలోకి పోయింది. ఇరవై ఏళ్లు ఓడల్లో వండిన మనిషి సెలవులకు ఇంటికొచ్చినా ఆ నియమం విడవలేదు, ఇంకొకరిని విడవనివ్వలేదు. నాన్నమ్మే ఒకసారి ఆ పేరు చెవిలో ఊదింది. మొన్న క్లాసులో అందరూ తమ ఊళ్లు గడగడా చెబుతుంటే నూకరత్నం కూడా వైజాగ్ అనేసింది, కన్నతల్లిని ఎరగనన్నంత సిగ్గుపడింది.

"ఒక్కసారి అంటాను నాన్నా."

"ఓడ మీదున్నాం గదే! బుర్ర లేదా?"

అప్పుడు తడుతుంది ఆమెకు. ఓడ మీదే గుండె ఆగిపోయిన మనిషికి ఒడ్డు చేరిన సంగతి ఎవరు చెప్పారు?

"నువ్వు దిగిపోయేవు నాన్నా. మేమే తీసుకొచ్చేం. మన ఒడ్డునే సాగనంపేం."

ఎల్లాజీ కాళ్లకేసి చూసుకుంటాడు, వంటగది నేలంతా తడి ఇసుక పరుచుకుని ఉంది, పులుసులో ఉప్పు చూసినంత శ్రద్ధగా దాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు.

"అయితే అను," అంటాడు. "గట్టిగా అను. నేనూ ఇని శానా కాలమైంది."

ఆమె నోరు తెరవబోయేసరికి బస్సు బ్రేకు వేసింది, మెలకువ వచ్చింది. మొహం మీద పొద్దుటి ఎండ. పక్క సీటులోని పెద్దామె టిఫిన్ క్యారేజీ ఒళ్లోకి సర్దుకుంటూ, మాట కలిపింది.

"ఏ ఊరమ్మా మీది?"

"గుల్లపేటండి."

"ఎక్కడది? ఎప్పుడూ ఇన్లేదే."

"సముద్రంలో కలిసిపోయిందండి," అంది నూకరత్నం. "మాది మాత్రం అదే."