నలభై బస్తాల వంతు

తన బరువు ఇంకొకడి వీపు మీద పెట్టి వెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకుంటే, ఆ దణ్ణం ఎవరి పేరున చేరుతుంది? ఇరవై రెండేళ్ళుగా ఈ సందేహం భక్తుణ్ణి వదల్లేదు. భక్తుడన్నది గోదాములో బస్తాలు మోసే ముఠా పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో అతన్ని ఎవరూ పిలిచిన పాపాన పోలేదు.

సంగతి చిన్నదే. ఆ రోజు కూతురికి ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే, అతను మధ్యాహ్నం పని వదిలేసి దేవుడి దగ్గరికి పరుగెత్తాడు. అతని వంతు నలభై బస్తాలూ జోడీగా పనిచేసే దిమ్మ అనేవాడు మోశాడు. "రేపు నీ వంతు నేను మోస్తానురా" అని భక్తుడు మాట ఇచ్చాడు. మర్నాడు వెళ్ళేసరికి గోదాముకు తాళం వేసి ఉంది. యజమాని చేతులెత్తేశాడు. ముఠా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయింది. పిల్లకి జ్వరం తగ్గింది, పెళ్ళయింది, ఆమెకూ పిల్లలు పుట్టారు. నలభై బస్తాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆ గోదాముల వీధిని ఇప్పుడు బొమ్మలూ శిల్పాలూ చూపించే కళల పేటగా మార్చారు. "నువ్వు పనిచేసిన చోటు ఒకసారి చూసి రా నాన్నా, గుర్తుపట్టలేవు" అని కూతురు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

గుర్తుపట్టాడు. ఏదీ తీసెయ్యలేదు మరి. క్రేనుకు పసుపు రంగు వేసి, ఏ బరువూ ఎత్తే పని పెట్టకుండా నిలబెట్టారు. తూకం గదిలో కాఫీ అమ్ముతున్నారు. తలుపుల తుప్పు రాలిపోకుండా పైన వార్నిషు పూశారు. ముఠావాళ్ళు లెక్క కోసం గోడ మీద బొగ్గుతో గీసుకున్న గీతలకు అద్దం బిగించి, ముట్టుకోరాదని రాశారు.

"ఇందులో మీవేవి?" అంది భార్య.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"ఇంటి గోడ మీద పిల్ల గీస్తే మాత్రం చెవి మెలిపెట్టారు."

ఏడో నంబరు గోదాము గుమ్మంలో నీలం చొక్కా కాపలావాడు కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. టికెట్ల కోసం చెయ్యి చాచి, తలెత్తి చూసి, ఆ చెయ్యి దించడం మరిచిపోయాడు.

"ఒరేయ్ భక్తా!"

"దిమ్మా! నీకోసం ఎన్ని చోట్ల వెతికానురా!"

"ఇంత లావు మనిషిని కనబళ్ళేదా?"

భక్తుడు బాగోగులు కూడా అడగలేదు. "నీకు నలభై బస్తాలు బాకీ ఉన్నాన్రా" అన్నాడు.

"మర్చిపోయాననుకున్నావా? ఒక్కో బస్తాకీ నిన్ను ఒక్కో తిట్టు తిట్టి మోశాను."

"మరి నేను పెట్టుకున్న దణ్ణం ఎవరికి చెందుతుందంటావ్?"

"ఆ పూట దేవుడి చెవిన పడితే నా తిట్లే పడుంటాయి. నా గొంతు పెద్దది కదా." దిమ్మ మోకాలు పట్టుకుని లేచాడు. "ఆ సంగతి తర్వాత. ఇక్కడ నా కొంప మునిగేలా ఉంది. లోపలికి చూడు."

హాలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇసుక బస్తాల నెట్టు ఉంది. ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, మూతులన్నీ లోపలికి, మూలలు కొలిచి కోసినట్టు. భక్తుడికి ముచ్చటేసింది.

"బ్రహ్మాండంగా ఉందిరా!"

"అదే వచ్చిన చిక్కు. ఇవాళే ఈ ఉద్యోగంలో చేరాను. పొద్దున తలుపు తీస్తే నెట్టు పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎవరి మీదన్నా పడుతుందని పైన ముప్ఫై రెండు బస్తాలూ దించి సరిగ్గా పేర్చాను. ఒరగడమే కళట! దాన్ని చేసినావిడ మూడింటికి వస్తుందట. ఆలోగా ఎప్పటిలా లేకపోతే రేపట్నించి రావద్దన్నాడు మేనేజరు. ఈ మోకాలేమో ఇంక వంగనంటోంది."

గోడ మీద, ఒరిగి ఉన్నప్పటి ఆ గుట్ట ఫొటో ఉంది. భక్తుడు దాన్ని ఎగాదిగా చూశాడు. చొక్కా విప్పి, మడిచి, భార్య చేతికిచ్చాడు.

"ఏవండీ, నలుగురిలో..."

"ఇది నా వంతు" అన్నాడు.

ముప్ఫై రెండూ దించాడు. తిరిగి ఎత్తడం మొదలుపెట్టాకే అసలు కష్టం తెలిసింది. వీపు మాట వింటోంది గాని చేతులు వినడం లేదు. ఎంత వంకరగా పెడదామన్నా బస్తా వెళ్ళి వరసలో కూర్చుంటోంది. భార్య ఫొటో పక్కన నిలబడి పెత్తనం అందుకుంది.

"అది తిన్నగా ఉంది. తియ్యండి."

"ఇంతకంటే వంకర నా వల్ల కాదే."

"నేను దుప్పటి పరవమంటే ఎలా పరుస్తారు? అలా పెట్టండి."

ఆ మాటతో కిటుకు దొరికింది. అయినా ఎనిమిది బస్తాలు తిన్నగా ఉన్నాయని ఆవిడ దింపించి మళ్ళీ ఎత్తించింది. దిమ్మ గుమ్మంలో నుంచే ముఠా రాగంలో లెక్కపెడుతున్నాడు. చూడవచ్చినవాళ్ళు కింద చతికిలబడి చూస్తున్నారు. కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన, మళ్ళీ ఆట ఎప్పుడని దిమ్మను అడిగాడు.

"ఇరవై రెండేళ్ళకండీ" అన్నాడు దిమ్మ.

మూడింటికి శిల్పి వచ్చింది. గుట్ట చుట్టూ తిరిగింది, ఫొటో చూసింది, మళ్ళీ గుట్టను చూసింది. "బాగానే ఉందిగా! ఎందుకంత కంగారు పెట్టారు?" అని మేనేజరును కోప్పడి కాఫీకి వెళ్ళింది. మేనేజరు ఆమె వెనకే వెళ్ళాడు.

భక్తుడు గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. "ముప్ఫై రెండేరా" అన్నాడు. "ఇంకో ఎనిమిది..."

"దించి మళ్ళీ ఎత్తినవి ఎవడు మోశాడురా? మా చెల్లెమ్మ పుణ్యాన నలభై అయ్యాయి."

దిమ్మ కుంటుకుంటూ వచ్చి అతన్ని వెనక్కి తిప్పాడు. తన టోపీ తీసి, దాంతో వీపు మీద ఇసుక నాలుగు దెబ్బలు వేసి దులిపాడు.

"ముట్టిందిరా" అన్నాడు.