స్టాపు లేని చోట

ఆదినారాయణ ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు. పొద్దున ఆరింటికి ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవడం, దీపాలు పెట్టే వేళకు తిరిగి రావడం. ఏ మలుపులో గుంత ఉందో, ఏ వంక ఎంత వానకు పొంగుతుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. తెలియనిదల్లా ఆ మలుపుల దగ్గర దిగి కాసేపు నిలబడితే ఎట్లా ఉంటుందో. వెనక నలభై మంది కూర్చుని ఉంటే డ్రైవరు తనకు నచ్చిన చోట బండి ఎట్లా ఆపుతాడు?

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ దారి సంగతులన్నీ భార్య తిరుపాలమ్మకు చెప్పేవాడు. తొండూరు ఇవతల కొండగట్టు కింద తంగేడు పూసిందనీ, నెమళ్లు రోడ్డుకు అడ్డం వచ్చి ఎంతకీ కదల్లేదనీ, పెన్నలో ఇసుక మీద నీళ్లు పలచగా పారుతున్నాయనీ. ఆమె వింటూ వడ్డించేది. పెళ్లయిన నాటి నుంచి ఆమె కాపురం ప్రొద్దుటూరులో ఒక వరస ఇళ్ల నడిమి గదిలో. ఆరు కుటుంబాలకు ఒకటే వాకిలి, ఒకటే బావి. కోడి కూయకముందే బిందె పెట్టకపోతే నీళ్ల వంతు మధ్యాహ్నానికి గానీ రాదు. ఇద్దరు పిల్లలు పుట్టి ఏడాది తిరక్కుండానే పోయారు. ఆ తర్వాత కలగలేదు.

ఒకరోజు ఆమె, కోపంగా కాదు, మామూలుగానే అంది. “ఇరవై ఏండ్లుగా చెప్తానే ఉండావు మామా. ఒక్కనాడన్నా చూపిచ్చినావా?”

ఆదినారాయణ కలుపుకున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు బస్సు కంపెనీవాళ్లు కొత్త డీజిలు బండ్లు తెచ్చారు. ఆయన నడిపిన పెట్రోలు బస్సు యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో కూడా నడిచిన ముసలి బండి. దాన్ని షెడ్డు వెనక నిలబెట్టేశారు. ఆ దసరాకే ఆదినారాయణ ఉద్యోగం మానేశాడు. కొత్త బండి చేతికి పట్టుబడలేదన్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి, ఒకటే బండికి అలవాటుపడినవాడు. తిరుపాలమ్మ నమ్మింది.

వారం తర్వాత ఆయన ఆ పాత బస్సు తనకిమ్మని యజమానిని అడిగాడు. యజమాని నవ్వి, తుక్కు ధరకు ఇచ్చేశాడు. షెడ్డులో మెకానిక్ రహమతుల్లా పదిహేనేళ్లుగా ఆదినారాయణను అన్నా అని పిలిచేవాడు. అతనే ఇంజను విప్పి బాగుచేశాడు. ముందరి రెండు సీట్లు ఉంచి మిగిలినవన్నీ ఊడదీశాడు. ఒక పక్క పలకల మంచం బిగించి, ఇంకో పక్క పిండికీ బియ్యానికీ చెక్కపెట్టె, కుండ కదలకుండా ఇనుప చట్రం అమర్చాడు. కిటికీలకు తిరుపాలమ్మ పాత చీరలు చింపి తెరలు కుట్టింది. పని జరుగుతున్నంతసేపూ రహమతుల్లా ముభావంగా ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆదినారాయణను పక్కకు పిలిచి ఏదో గట్టిగా మాట్లాడాడు. బండి సంగతే అనుకుంది తిరుపాలమ్మ.

వరస ఇళ్లవాళ్లకు ఇది అర్థం కాలేదు. తిరుపతికా, శ్రీశైలానికా అని అడిగారు. యాడికీ కాదు, దావలో నచ్చిన కాడ నిలుపుకొని ఉంటామని ఆదినారాయణ చెబితే, ఇల్లుండగా దేశదిమ్మరుల మాదిరి బస్సులో కాపురమేందని ముక్కున వేలేసుకున్నారు. తిరుపాలమ్మకు కూడా ఆ మాట కొంచెం గుచ్చుకుంది. కానీ ముందరి సీటులో కూర్చుని, పొలిమేర దాటి, ఊరు వెనకబడ్డాక ఆ గుచ్చుకోవడం పోయింది.

కార్తీకం మొదటి వారం. చేలల్లో జొన్న కంకి మీద ఉంది. జమ్మలమడుగు దాటాక రోడ్డు పక్క నుంచి ఒక బండిదారి నదివైపు దిగుతోంది. ఆమె చెయ్యి చాపి, “ఈడ నిలుపు మామా” అంది.

ఆదినారాయణ బ్రేకు తొక్కి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆమెవైపు తిరిగి చాలాసేపు నవ్వాడు. “ఇరవై రెండేండ్లలో నన్ను ఈడ నిలుపమన్నోళ్లు ఒక్కరూ ల్యారు” అన్నాడు.

పెన్న ఒడ్డున రెండు రోజులున్నారు. మూడు రాళ్లు పెట్టి ఆమె సంగటి కెలికింది. నదిలో మెడలోతు కూర్చుని స్నానం చేసింది. వెనక బిందెతో నిలబడి తొందర పెట్టేవాళ్లు లేరు. మొదటి తెల్లవారి అలవాటుకొద్దీ చీకట్లోనే లేచి, ఎందుకు లేచిందో గుర్తురాక నవ్వుకుని మళ్లీ పడుకుంది. ఎండ ముఖం మీద పడేదాకా ఆమె నిద్రపోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

తర్వాత గండికోటకు ఎక్కారు. లోయ అంచున బండ మీద బస్సు నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. కింద ఎక్కడో పెన్న సన్నని చీలికలా కనిపించింది. ఇంత పెద్ద నీళ్లు ఇంత చిన్నగా ఉన్నాయేమని ఆమె అడిగితే, మనం పైకొచ్చినాం గదా అన్నాడాయన. అక్కడ గాలికి అన్నం ఉడకలేదు. చల్లటి సంగటి ముద్ద, ఎర్రగడ్డ కొరుక్కు తిని, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తర్వాత గుర్తులేదు. ఆ గాలి మోత మాత్రం గుర్తుంది.

ముద్దనూరు దాటాక నల్లరేగడి చేల మధ్య ఆగినప్పుడు ఒక రైతు కర్ర పట్టుకుని వచ్చాడు. టెంటు సినిమా వాళ్లా, మలేరియా మందు కొట్టేవాళ్లా అని అడిగాడు. ఎవరూ కాదని తెలిశాక కర్ర పక్కన పెట్టి, బస్సెక్కి లోపలంతా చూసి, మంచం మీద ఒకసారి కూర్చుని లేచి, సాయంత్రం ఒడి నిండా పచ్చి చెనక్కాయలు తెచ్చిపెట్టాడు. మా ఆడమనిషికీ ఒకసారి చూపిస్తానని మరునాడు భార్యనూ తీసుకొచ్చాడు.

ఆ రోజుల్లో తిరుపాలమ్మ గమనించినవి కొన్ని ఉన్నాయి. పొద్దున బస్సు ముందు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పి ఇంజను స్టార్టు చేశాక ఆయన ముఖమంతా చెమట పట్టేది. ఎడమ చెయ్యి పిసుక్కునేవాడు. ఏందని అడిగితే వాయువు అనేవాడు. ఆమె వాము నమిలించి వేడినీళ్లు తాగించేది. తగ్గిందనేవాడు.

ఎనిమిదో రోజు తొండూరు ఇవతల, ఆయన ఎన్నోసార్లు చెప్పిన గట్టు కిందికి చేరారు. రోడ్డు నుంచి మైలున్నర లోపలికి. పక్కనే వంక, ఒడ్డు పొడుగునా తంగేడు పూలు. నెమళ్లు నిజంగానే వచ్చాయి. బస్సు నీడలో తిరుగుతుంటే ఆమె మెట్టు మీద కూర్చుని గింజలు వేసింది. ఆ సాయంత్రం ఆదినారాయణ, రేపు పొద్దున్నే పులివెందులకు పోదామన్నాడు. అక్కడ ఆయన తమ్ముడు నారాయణ ఉంటాడు. ఆదినారాయణ గొంతు అలిసినట్టుగా ఉంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

“పులివెందుల యాడికి పోతాది మామా. ఇంగ రెండు దినాలు ఈడ్నే ఉందాం. మళ్లా ఎప్పుడొస్తామో ఏమో.”

ఆయన గట్టువైపు చూశాడు. ఆమె ముఖంవైపు చూశాడు. సరే అన్నాడు.

రెండు రోజులు ఉన్నారు. మూడోనాటి పొద్దున సామాను సర్ది, ఆయన హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకోలేదు. రెండోసారీ అందుకోలేదు. మూడోసారి తిప్పి, హ్యాండిలు వదిలేసి, చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన రెండు గుక్కలు తాగి, తల ఆమె భుజం మీద వాల్చాడు.

“కొంచెం ఎండెక్కనీ, పోదాం” అన్నాడు.

ఆమె కదలకుండా కూర్చుంది. నిద్రపట్టిందేమో అనుకుంది. ఎండ కాళ్ల దాకా వచ్చింది. మోకాళ్ల దాకా వచ్చింది. చెమట తుడుద్దామని కొంగు నుదుటికి ఆనించినప్పుడు నుదురు చల్లగా తగిలింది.

ఆమె పిలిచింది, కుదిపింది, నీళ్లు చల్లింది. తర్వాత ఆయనను మెల్లగా నేల మీద పడుకోబెట్టి తల కింద దుప్పటి పెట్టింది. చుట్టూ చూసింది. గట్టు, వంక, తంగేడు చెట్లు. రోడ్డు ఎటో తెలుసు గానీ ఆయనను ఒంటరిగా విడిచి పోలేదు. బండి నడపడం తెలియదు. చివరికి బస్సెక్కి డ్రైవరు సీటు పక్కన ఉన్న రబ్బరు హారన్ పిసికింది. ఆపకుండా, చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకుంటూ పిసికింది.

గట్టు అవతల మేకలు మేపుకుంటున్న మునెమ్మ అనే ఆమె ఆ మోత విని, బస్సు దారి తప్పిందనుకుని దిగి వచ్చింది. తిరుపాలమ్మ వయసే ఉంటుంది. కింద పడుకున్న మనిషిని చూసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా తిరుపాలమ్మ చేతిని హారన్ మీద నుంచి తీసింది.

“నేను రోడ్డు కాడికి పోయి బస్సు నిలుపుతా. నువ్వు ఆయప్ప కాడ కూచో తల్లీ. మ్యాకలు యాడికీ పోవులే” అంది.

మధ్యాహ్నం బస్సు నడిపేవాడు ఆదినారాయణ దగ్గర పని నేర్చుకున్నవాడే. మిగతా ప్రయాణికులను రోడ్డు మీదే ఉంచి, పదిమంది మగవాళ్లను వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు. వాళ్లు బస్సులోని పలకల మంచం మేకులు ఊడబెరికి, దాని మీదనే ఆదినారాయణను మోసుకుని పోయారు. రోడ్డు మీద నిలబడ్డవాళ్లలో ఎవరూ ఆలస్యమయిందని అనలేదు.

దహనం పులివెందులలో జరిగింది. నారాయణ అన్నను ప్రేమించిన మనిషే. ఆ దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక అందరి ముందూ వదినను అడిగాడు.

“ఇల్లు ఇడిసిపెట్టి అడివిలో పండుకుంటే ఏమయితాది వదినా? ఊర్లో ఉండింటే డాక్టరన్నా వచ్చుండు. ఎవురు పోదామన్నారు?”

“నేనే” అంది తిరుపాలమ్మ.

లేచి ఆ ఇంటి వెనక గదిలో మూల కూర్చుంది. ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చుని ఏడ్చి పోతున్నారు. ఆమెకు కన్నీళ్లు రాలేదు. రాకపోవడం కూడా ఊళ్లో ఒక మాటయింది.

మూడో రోజు రహమతుల్లా వచ్చాడు. బస్సును గట్టు కింది నుంచి తనే తోలుకొచ్చి ఊరి బయట నిలిపానని చెప్పాడు. చెప్పి కూడా లేవలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ అసలు సంగతి చెప్పాడు. దసరాకు ముందు బండి నడుపుతూనే ఆదినారాయణకు గుండెనొప్పి వచ్చింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపిస్తే గుండె శానా చెడిపోయిందన్నారు. ఇంక స్టీరింగు పట్టవద్దనీ, హ్యాండిలు తిప్పవద్దనీ, మంచం మీద ఉంటే ఏడాదో రెండేళ్లో అనీ చెప్పారు. ఉద్యోగం మానింది అందుకే. ఎవరికీ చెప్పనని రహమతుల్లా చేత ఒట్టు వేయించుకున్నాడు.

తిరుపాలమ్మ విన్నది. ఆమె ముఖం గట్టిపడింది.

“నాకు చెప్పింటే ఇంటికి పోదామందును గదా రహమతుల్లా.”

“అందుకే చెప్పలేదు వదినా. మంచం మీద పండుకొని రెండేండ్లు సూరు చూసుకుంటా ఉండలేనన్నాడు. ఆమెకు ఒక్కసారన్నా చూపియ్యాల అన్నాడు. నేను వద్దంటి. రెండుసార్లు కొట్లాడితి గూడా.”

“ఆయప్ప తెలిసి ఒప్పుకున్యాడు. నేను తెలీక అడిగితి. ఇంగ రెండు దినాలని నా నోటితో నేనే అడిగితి.” ఆమె గొంతు పెరగలేదు. “ఆయప్ప నాకు మిగిల్చిపోయింది ఇదీ.”

రహమతుల్లా తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడి విన్న నారాయణ లోపలికి వచ్చి వదిన ముందు కూర్చుని, తప్పుగా అన్నానని చెప్పాడు. తప్పేమీ లేదని ఆమె అంది. అది నిజంగా అన్నదో, ఊరికే అన్నదో అతనికి తెలియలేదు.

బస్సును ముద్దనూరు దగ్గర ఒక చెనక్కాయల వ్యాపారి కొన్నాడు. చక్రాలు తీసేసి కళ్లం పక్కన కొట్టంలా వాడుకున్నాడు. అమ్మడానికి తిరుపాలమ్మ అడ్డు చెప్పలేదు. ఏడాది మైల తీరేదాకా మరిది ఇంట్లోనే ఉంది. వాళ్లు బాగా చూసుకున్నారు. తోడుగా ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన ఉండేవాళ్లు. రాత్రి కూడా తోడికోడలు ఆమె పక్కనే చాప వేసుకునేది. తర్వాత జమ్మలమడుగులో ఒక విద్యార్థుల హాస్టలులో వంటపని దొరికితే వెళ్లిపోయింది. పగలంతా పొయ్యి ముందు, పొద్దుపోయాక వంట చేసే మరో ఇద్దరు ఆడవాళ్లతో ఒకే గదిలో. ఒక్కతే కూర్చునే చోటు ఎక్కడా దొరకలేదు.

ఆ వేసవిలో హాస్టలు పిల్లలకు సెలవులిచ్చిన రోజు ఆమె పులివెందుల బస్సెక్కింది. ముద్దనూరు దాటింది. తొండూరు ఇంకా రాకముందే లేచి నిలబడి, ఆపమంది. డ్రైవరు కొత్తవాడు. అటూ ఇటూ చూశాడు. ఊరు లేదు, గుడి లేదు, ఎండిన వంక మాత్రం ఉంది.

“ఈడ ఏముందమ్మా?” అన్నాడు.

“ఏమీ లేదు నాయనా. నిలుపు.”

బస్సు పోయిన దుమ్ము అణిగేదాకా రోడ్డు పక్కన నిలబడి, తర్వాత బండిదారి వెంట నడిచింది. తంగేడు ఆకులు ఎండకు వాడి ఉన్నాయి. గట్టు కింద ఎవరూ లేరు. మేకల గంటలు కూడా వినిపించలేదు. రాతి నీడన కూర్చుని, కొంగు పరుచుకుని, ఆమె ఏడవడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, అలవాటుకొద్దీ నోరు మూసుకుని. తర్వాత చెయ్యి తీసేసి, గట్టిగా. ఆయనను తిట్టింది, చెప్పకుండా పోయినందుకు. పిలిచింది. పుట్టి పోయిన ఇద్దరు పిల్లలను కూడా పేర్లు పెట్టి పిలిచింది. ఎవరూ వచ్చి ఊరుకోమ్మా అనలేదు. గట్టు ఆ గొంతును కాస్త తిరిగి వినిపించి ఊరుకుంది.

పొద్దు వాలాక ముఖం కడుక్కుందామని చూస్తే వంకలో నీళ్లు లేవు. కొంగుతోనే తుడుచుకుని రోడ్డు మీదికి నడిచి, సాయంత్రం బస్సుకు చెయ్యెత్తింది.