కీర్తనల మీద పెన్సిల్ గీతలు

"రబ్బరు ఎక్కడ పెట్టావు హెస్టర్?"

సోమవారం ఉదయం. ఓట్స్ గంజి అడుగంటకుండా కలుపుతున్నాను. ఆలిస్టర్ వంటింటి గుమ్మంలో కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని నిలబడ్డాడు.

"నీ బల్ల సొరుగులో ఉంటుంది, చూడు."

"ఉంటే అడుగుతానా? ఈ ఇంట్లో పెట్టింది పెట్టినచోట ఉండదు. ఒక్క రబ్బరు ముక్క! కోహినూరు వజ్రం అడగలేదు నేను."

"శనివారం రిహార్సల్‌కి నువ్వే పట్టుకెళ్లినట్టున్నావు."

"నేనా? నాకు రబ్బరుతో పనేంటి? చెరిపే పని నీదే కదా."

నిజానికి అది నా ఏప్రన్ జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను. "చూశావా?" అన్నట్టు నవ్వి తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. నాకు రబ్బరుతో పనేంటి అన్నవాడికి ఈ రోజు దాంతో పనేం పడిందో నేనూ అడగలేదు. గంజి కాస్త అడుగంటింది. తినేటప్పుడు ఆ సంగతి మాత్రం గుర్తుచేశాడు.

చెరిపే పని నాదే. మా ఆయన కేంబ్రిడ్జిలో ఒక చిన్న కళాశాల చాపెల్‌లో, అంటే ప్రార్థనాలయంలో, గాయక బృందానికి గురువు. ఏటా అక్టోబరులో కొత్తగా చేరిన విద్యార్థులకి ఆయన చెప్పే మొదటి మాట ఒకటుంది. "పెన్సిల్ తెచ్చుకోనివాడు గొంతు తెచ్చుకోనట్టే. సిరా పెన్ను తెచ్చినవాడు ఇప్పుడే ఇంటికి పోవచ్చు." స్వరాల ప్రతులు చాలావరకు అరువు తెచ్చినవి. తిరిగి పంపేటప్పుడు శుభ్రంగా ఉండాలి. అందుకని ప్రతి టర్మ్ చివరా ముప్ఫై ప్రతులు మా వంటింటి బల్ల మీదకి వస్తాయి. ఇక్కడ ఊపిరి తీసుకో, ఇక్కడ మెల్లగా, ఇక్కడ గురువు వైపు చూడు. చూడమనడానికి కళ్లజోడు బొమ్మ వేసుకుంటారు పిల్లలు. ఒక అమ్మాయి ప్రతి పేజీ అడుగునా "ఆకలి" అని రాసుకుంది. అవన్నీ చెరుపుతాను. చెరిపిన పొట్టు ఊదుతాను. రాత్రికి మణికట్టు నొప్పి. అదయ్యాక తెల్ల అంగీలు ఉతకడం, మెడ చుట్టూ పెట్టుకునే కుచ్చుల పట్టీలకి గంజి పెట్టి ఒక్కో కుచ్చూ వేలితో నిలబెట్టడం, ఆదివారం రిహార్సల్ అయ్యాక ఇరవై ఎనిమిది మందికి టీ, కేకు. ఇవి ఏ ఉద్యోగంలోనూ లేవు. ఎవరూ నాకు అప్పగించలేదు కూడా. పెళ్లయి ఈ ఇంట్లోకి వచ్చేసరికి మా అత్తగారు మ్యూరియల్ ఇస్త్రీపెట్టె నా చేతికిచ్చి అన్నారు, "ఆలిస్టర్ వాళ్ల నాన్న కూడా ఆర్గన్ వాయించేవాడు. నలభై ఏళ్లు చేశాను ఇదంతా. సంగీతకారుడి పెళ్లాం చెవులు తెరుచుకుని, నోరు మూసుకుని ఉండాలమ్మాయ్." అప్పుడది హాస్యమనుకుని నవ్వాను.

నేను ఈ ఊళ్లోనే ఆడపిల్లల కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చదివాను. ఆ రోజుల్లో ఈ చాపెల్ గాయక బృందంలో ఆడవాళ్లకి చోటు లేదు. గాయకులు నిలబడే చోటుకి అడ్డంగా ఉన్న చెక్క తెర ఇవతల, చల్లటి రాతి అరుగు మీద కూర్చుని సాయంప్రార్థన వినేదాన్ని. ఇప్పుడు బృందంలో సగం మంది ఆడపిల్లలే. నేను ఇప్పటికీ ఆ రాతి అరుగు మీదే కూర్చుంటాను. అలవాటు.

పెళ్లయిన మొదటి శీతాకాలంలో ఆలిస్టర్ బైబిల్ కీర్తనల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఉదయ, సాయంప్రార్థనల్లో కలిపి కీర్తనలు రోజుకి కొన్ని చొప్పున నెలకి నూట యాభై పాడతారు. రాగం చాలా చిన్నది, వచనాలేమో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మాటలన్నీ ఒకే స్వరం మీద నడుస్తూ వచ్చి, ఒక మాట దగ్గర ఆ స్వరం వదిలి రాగంలోకి దిగాలి. ఏ మాట దగ్గర దిగాలో చెప్పేది ఒక చిన్న నిలువు గీత. అది ఒక మాట అటో ఇటో పడితే, బరువు పడకూడని చోట పడి, అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ఆలిస్టర్ చెవి గొప్పది. కానీ ఆయనకి మాటలంటే స్వరాలు తగిలించుకునే కొక్కేలు, అంతే. "నువ్వు సాహిత్యం చదివావుగా, ఇందులో బరువు ఎక్కడ పడాలంటావు?" అన్నాడు. తడి చేతులు తుడుచుకుని పైకి చదివాను. చెప్పాను. "ఇంకోటి చెప్పు" అన్నాడు.

ఆ ఇంకోటి ఇరవై ఆరేళ్లు సాగింది. నూట యాభై కీర్తనలకీ గీతలు పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. తక్కిన కాలమంతా వాటిని దిద్దడమే. రాతి అరుగు మీద కూర్చుని వింటాను. ఒక చోట ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఇంటికొచ్చి గీత చెరిపి ఒక మాట పక్కకి జరుపుతాను. బంగాళాదుంపల తొక్క తీస్తూ జరిపాను. మా ఫిలిప్పాకి తట్టు పోసినప్పుడు మంచం పక్కన కూర్చుని జరిపాను. మా అమ్మ చనిపోయిన వారం, డెబ్భై ఎనిమిదో కీర్తనలో ఒక వచనం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మనుషులు వట్టి గాలిలాంటి వాళ్లు, ఒకసారి వీచి పోతారు, మళ్లీ రారు అనే అర్థం ఉన్న వచనం అది. అంతకుముందు గీత "గాలి" దగ్గర ఉండేది, రాగం అక్కడే ఒంపులు తిరిగేది. వినడానికి సొంపుగానే ఉండేది. నేను దాన్ని చివరికి జరిపాను. మాటలన్నీ ఒక్క స్వరం మీద గబగబా వెళ్లిపోయి, "తిరిగి రాదు" అన్నచోట మాత్రం రాగం మెల్లగా మూడు మెట్లు దిగుతుంది. ఆ మూడు మెట్లూ మా అమ్మవి. ఎవరికీ చెప్పలేదు.

మా చాపెల్ కీర్తనలు వినడానికి దూరాల నుంచి మనుషులు వస్తారు. "ఆలిస్టర్ వింటర్టన్ మాటల్ని వింటాడండీ" అంటారు. ఒక విందులో ఆయన పక్కనే నిలబడి విన్నాను. ఆయన తల వంచుకుని వినయంగా నవ్వాడు. తర్వాత నన్ను పరిచయం చేశాడు, "మా హెస్టర్. అంగీ మీద ఎలాంటి మరకైనా సరే, వదలాల్సిందే." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడవన్నీ పుస్తకంగా వస్తున్నాయి. జనవరిలో అచ్చు ప్రూఫులు మూడు వందల పేజీలు వచ్చాయి. దిద్దడం ఎలాగూ నా వంతే. నేను పెన్సిల్‌తో దిద్దితే, చివర్లో ఆలిస్టర్ దాని మీద సిరా దిద్దుతాడు. మా ఇంట్లో అన్నీ అలాగే జరుగుతాయి. మొదటి పేజీలో "కీర్తనలకు గీతలు గుర్తించి కూర్చినవారు: ఆలిస్టర్ వింటర్టన్" అని ఉంది. లోపల కృతజ్ఞతల చివర, ఆర్గన్ మరమ్మతు చేసినతని పేరు తర్వాత, "టైపు చేసి, ఓపిక పట్టి, లెక్కలేనన్ని కప్పుల టీ అందించిన నా భార్యకు" అని ఉంది. నా పేరు కూడా లేదు. ఆ పేజీలో ఒక కామా తప్పు పడింది. దిద్దాను.

ఆ రాత్రి అడిగాను, "నా పేరు ఎక్కడా వెయ్యవా?"

"వేశాగా, చివర్లో."

"అక్కడ భార్య ఉంది. హెస్టర్ లేదు."

"అబ్బా, హెస్టర్... ఇది మన పుస్తకం. నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి?"

ఏమీ తేడా లేకపోతే నాదే వెయ్యొచ్చు కదా అన్న మాట గొంతు దాకా వచ్చింది. అలిసిపోయి ఉన్నాను. దీపం ఆర్పాను.

రబ్బరు కోసం గొడవ జరిగిన సోమవారం మధ్యాహ్నం, బల్ల మీద ప్రూఫుల పక్కన ఆ రబ్బరు కనపడింది. దాని చుట్టూ బూడిదరంగు పొట్టు. జేబులో వేసుకుంటూ చూశాను. డెబ్భై ఎనిమిదో కీర్తన. అచ్చులో అక్కడ గీత పడకపోతే నేను పెన్సిల్‌తో పెట్టాను. అది చెరిపేసి ఉంది. గీత మళ్లీ "గాలి" దగ్గరికి వచ్చింది, ఆలిస్టర్ చేతి వంపుతో. మూడు వందల పేజీల్లో ఆయన సొంతంగా మార్చింది అదొక్కటే. బహుశా తన చెయ్యి ఎక్కడో ఒక చోటైనా ఉండాలనుకున్నాడేమో. సరిచేయడానికి పెన్సిల్ తీశాను. కొంచెంసేపు పట్టుకుని, మళ్లీ కింద పెట్టేశాను. పేరు ఆయనది. గీతా ఆయనదే అవనీ అనుకున్నాను. తెలిసి తెలిసి ఒక తప్పుని అలా వదిలేయడం నా జీవితంలో అదే మొదలు.

డెబ్భై ఎనిమిదో కీర్తన ప్రతి నెలా పదిహేనో తారీకు సాయంత్రం పాడతారు. డెబ్భై మూడు వచనాలు. ఆ నెల పదిహేను గురువారం పడింది. ఆలిస్టర్ కొత్తవాళ్లకి ప్రూఫుల నకళ్లు ఇచ్చాడు. పాతవాళ్లు మాకు ఇవే అలవాటు అని తమ పాత పుస్తకాలే తెరిచారు. నేను రాతి అరుగు మీద కూర్చున్నాను. కొవ్వొత్తుల వెలుగులో నేను గంజి పెట్టిన తెల్లపట్టీలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నాయి. ఆ వచనం వచ్చింది. సగం మంది "గాలి" దగ్గరే రాగంలోకి దిగిపోయారు. సగం మంది పై స్వరం మీదే ముందుకి వెళ్లారు. ఒక్క క్షణం రెండు కీర్తనలు వినపడ్డాయి, తర్వాత ఏదీ లేదు. ఆర్గన్ ఒక్కటే నాలుగు స్వరాలు నడిచింది. ఎవరో ఒకమ్మాయి ధైర్యం చేసి తర్వాతి వచనం ఎత్తుకుంది. తక్కినవాళ్లు ఆమె వెనక చేరారు.

బయట వాకిట్లో, చాపెల్‌లో ప్రార్థనలు నడిపే చాప్లెయిన్ బ్రిజెట్ నా చెయ్యి పట్టుకుంది. గట్టి మనిషి, ఊరికే మాట్లాడదు. "ఏమైందివాళ? ఆ 'తిరిగి రాదు' దగ్గర నాకు ప్రతి నెలా మా నాన్న గుర్తొస్తాడు హెస్టర్. దానికోసమే కాచుకుని ఉంటాను. ఇవాళ రాలేదు. ఆలిస్టర్ ఏం మార్చాడు?"

"ఏమో" అన్నాను.

ఆవిడ వాళ్ల నాన్న. మా అమ్మ. నడిచి ఇంటికొస్తుంటే దారంతా వాళ్లిద్దరూ నాతోనే ఉన్నారు. పుస్తకం అచ్చయితే ఆ వచనం ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. నేను వదిలేసినట్టే.

శుక్రవారం పొద్దున ఆలిస్టర్ కళాశాలకి వెళ్లాక ప్రూఫులు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత పోస్టాఫీసుకి వెళ్లాను. వస్తూ ఆదివారం తీపి వంటకానికి పుల్లటి రూబార్బ్ కాడలు కొన్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మ్యూరియల్ వచ్చారు. నార్విచ్‌లో టీచర్‌గా ఉన్న మా ఫిలిప్పా వచ్చింది. గొర్రె మాంసం కాల్చాను, పుదీనా పచ్చడి చేశాను. ఆలిస్టర్ కత్తి నూరుతూ గురువారం సంగతి ఎత్తాడు. మూడు రోజులుగా లోపలే కుములుతున్నాడు పాపం.

"ప్రూఫులు నువ్వే కదా దిద్దావు. ఆ వచనం ఎలా వదిలేశావు? చూసుకోలేదా?"

"చూశాను."

"చూసి?"

"నువ్వు నా గీత చెరిపి నీది పెట్టావు. పుస్తకం మీద పేరు నీది. మళ్లీ మార్చడానికి నేనెవర్ని అనుకున్నాను."

"చెప్పాలి కదా నాకు! అందరి ముందూ అభాసుపాలయ్యాం."

"ఒక్క గీత కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నారు మ్యూరియల్. "మాంసం చల్లారిపోతోంది. హెస్టర్, మా రోజుల్లో మేం..."

"నానమ్మా, ఒక్క నిమిషం" అంది ఫిలిప్పా. "నాన్నా, ఆ గీతలన్నీ అమ్మవా?"

ఆలిస్టర్ మాంసం కోయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం మీద నేను వంగి కూర్చోగా చూస్తూ పెరిగిన పిల్ల అది. ఇంతకాలం దానికి కూడా తెలియలేదు. నేను చెబితేగా.

"సరే సరే" అన్నాడు ఆలిస్టర్. "సాయంత్రం పాతదే పెట్టేద్దాం. రాత్రికి మొత్తం సిరా దిద్దేస్తాను, రేపు పంపొచ్చు. ప్రూఫులు తీసుకురా."

"ఇంట్లో లేవు. శుక్రవారమే పంపించేశాను."

కత్తి ఆగింది. "నేను సిరా దిద్దకుండానే?"

"నేనే దిద్దాను. ఆ వచనానికి పాత గీతే పెట్టాను. మొదటి పేజీలో కూడా ఒక తప్పుంది, అదీ సరిచేశాను."

"మొదటి పేజీలో తప్పేంటి?"

"గీతలు పెట్టింది హెస్టర్ వింటర్టన్ అని రాశాను. దాని కింద, రాగాలు ఎంచింది ఆలిస్టర్ వింటర్టన్ అని. రాగాలు ఎంచింది నువ్వే, అది నిజం. టీ మాట కొట్టేశాను."

మ్యూరియల్ ఫోర్కు కింద పెట్టారు. నా వైపు చూసి, చూపు దించుకుని, తన వేళ్ల కణుపులు మెల్లగా నిమురుకోసాగారు. నలభై ఏళ్లు గంజి పెట్టిన వేళ్లు.

"వాళ్లు నాకు ఫోన్ చేస్తారు" అన్నాడు ఆలిస్టర్. "ఇదేంటని నన్నడుగుతారు."

"అడుగుతారు. నిజమైతే నిజమని చెప్పు. అబద్ధమైతే అబద్ధమని నువ్వే నీ నోటితో చెప్పు. మధ్యలో నేను మాట్లాడను. ఇంకో మాట. వచ్చే టర్మ్ నుంచి పట్టీలకి ఎవరు గంజి పెడతారో, ప్రతులు ఎవరు చెరుపుతారో కళాశాలనే చూసుకోమను."

ఆయన ముఖంలో కోపం లేదు. అలసట ఉంది. నాకు బాగా తెలిసిన అలసటే.

"ఇంకా అచ్చవలేదుగా" అన్నాడు మెల్లగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "వెనక్కి తెప్పించి చెరిపెయ్యొచ్చు."

ఏప్రన్ జేబులోంచి రబ్బరు తీసి ఆయన కంచం పక్కన పెట్టాను.

"పెన్సిల్‌తో రాయలేదు ఆలిస్టర్" అన్నాను. "సిరాతో రాశాను."