ఖాళీ గడిలో వచ్చే మాట

కంప్యూటర్ తప్పు చెప్పదని మన ఆఫీసుల్లో ఒక గుడ్డి నమ్మకం ఉంది. మంచిర్యాల పక్కన ఒక బొగ్గుబాయి ఆఫీసులో కార్మికుల రికార్డులు దిద్దే మహిమ కూడా ఎనిమిదేళ్లుగా ఆ నమ్మకం మీదే అన్నం తింటోంది.

ఆ రోజు రెండు దాటాక అనిల్ కుమార్ కిటికీ దగ్గరికి వచ్చాడు. విరిగిన కాలు అతికి, ఇక బాయి దిగవచ్చని డాక్టరు అతనికి రాసిచ్చి రెండు రోజులైంది.

"మేడం, నా పేరు ఇంక పైపనిలనే ఉన్నది. నిన్ననే మారుస్తనంటిరి?"

"మార్చిన గదన్నా" అంటూ మహిమ తెర మీద అతని రికార్డు తీసింది. అది మారలేదు. దాని పై వరుసలో ఉన్నది మారింది. టోకెన్ నంబర్ల వరుసలో అనిల్‌కు సరిగ్గా పైన ఉన్నది మైసయ్య. 

ఆ పాతకాలపు పెద్ద కంప్యూటర్లో ఒక వరుస ముందు ఒక అక్షరం కొట్టి మీట నొక్కితే చాలు. ఆ మనిషి ఆరోగ్యం గడులన్నీ మొదట పెట్టిన మాటలకే తిరిగిపోతాయి. రోగం లేదు. అడ్డు లేదు. పని బాయిలోపల. ఇక్కడికి వచ్చినవాడు దిగడానికి కాక మరెందుకు వస్తాడనుకుని, ఆ ఫైలు కట్టినవాళ్లు ఎప్పుడో అలా పెట్టారు. మీట నొక్కేముందు పాత వివరాలు ఎర్ర రిజిస్టర్లో ఎక్కించాలి, అది ఆఫీసు పద్ధతి. నిన్న బస్సు తప్పిపోతుందన్న తొందరలో మహిమ ఆ పని చేయలేదు.

మైసయ్యకు మూర్ఛ. మూడేళ్ల కింద బాయిలోపల బొగ్గు టబ్బుల పక్కన పడిపోతే నలుగురు మోసుకొచ్చారు. అప్పటి నుంచి పైన ల్యాంపు రూములో కూర్చుని, దిగేవాళ్లకు తలలైట్లు అందిస్తున్నాడు. నిన్న సాయంత్రం వేసిన జాబితాలో ఆయన పేరు ఇవాళ మూడింటి షిఫ్టుకు, బాయిలోపలి పనికి పడింది. పోయిన నెల పరీక్షలో బాగయిందని తేలింది కాబోలనుకుని, ప్రార్థన ఫలించిందని ఆయన భార్య సాయవ్వ చర్చి వాడకట్టంతా లడ్డూలు పంచింది. ఆ వాడకట్టులోనే ఉండే మహిమ కూడా ఒకటి తిన్నది. దేవునికి స్తోత్రమని కళ్లు కూడా మూసుకుంది, పిచ్చి తల్లి!

సూపరింటెండెంట్ సదానందం అంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"లొల్లి చేయకు. రేపు పొద్దుగాల చుప్‌చాప్ సరిచేద్దాం. ఒక్క షిఫ్టుకు ఏమైతది?"

"జర ఫోన్ చేసి ఆపుండ్రి సార్."

"ఏమని ఆపాలె? రిజిస్టర్ల ఎక్కియ్యలేదని తెలిస్తే నీ నౌకరి పోతది, నా మీదికొస్తది."

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. దాంతోపాటు ఉద్యోగం కూడా పోతుందని మాత్రం ఎవరూ చెప్పరు. మహిమకు భయమేసింది. ఫీజు కట్టాల్సిన ఇద్దరు పిల్లలు కళ్లముందు మెదిలారు. కానీ మూడింటికి షిఫ్టు కూత, ఇంకా పది నిమిషాలే ఉంది. చెప్పులు చేత పట్టుకుని బాయి వైపు పరుగెత్తింది.

మనుషుల్ని బాయిలోకి దింపే కేజీ బోను ముందు వరుసలో ముప్పై మంది దాకా ఉన్నారు. మైసయ్య మధ్యలో ఉన్నాడు. నెత్తిన టోపీ, దానికి లైటు, నడుముకు బెల్టు. పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు.

"బిడ్డా, చూసినవా? మూడేండ్ల సంది అందరికి ఇచ్చిన, ఇయ్యాల నేను పెట్టుకున్న!"

 జరిగింది చెవిలో చెప్పి తప్పించుకోవాలని మహిమకు అనిపించింది. కానీ కేజీ నడిపేవాడికీ వినపడాలి కదా. గట్టిగానే చెప్పింది.

"నీకు బాగయిందని డాక్టర్ రాయలే మామా. నేనే తప్పు వరుసల నొక్కిన. నువ్వు దిగొద్దు."

వరుస అంతా ఇటు తిరిగింది. మైసయ్య మొహం మీది నవ్వు ఇంకా పోలేదు.

"మరి నాకు రోగం లేదని దాంట్ల ఎట్లొచ్చె?"

"మనిషి గురించి ఏం తెల్వకపోతే దాంట్ల అట్లనే వస్తది. ఎవరికైనా గదే మాట."

ఆయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"అంటే నాకు బాగుగాలే. అది నన్ను మర్చిపోయింది. గంతేనా?"

మహిమ ఏడ్చేసింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బెల్టు విప్పి, లైటు తీసుకెళ్లి ల్యాంపు రూములో దాని నంబరు మేకుకే తగిలించి, తన స్టూలు మీద కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చినవాడెవడో చెయ్యి చాపితే ఒక లైటు అందించాడు.

"దేవుడు బాగుచేసిండని ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్తనని సాయవ్వ చీరె ఇస్త్రీ చేపిచ్చుకున్నది" అన్నాడు, వెనకే వచ్చిన మహిమ వైపు చూడకుండా. "నాతోని గాదు బిడ్డా. ఇంటికిపోయి నువ్వే చెప్పు."

మహిమ ఆఫీసుకు తిరిగి వచ్చి, సదానందం చూస్తుండగానే ఎర్ర రిజిస్టర్లో తన తప్పు రాసి సంతకం పెట్టింది. సాయంత్రం సాయవ్వ ఇంటి తలుపు తట్టింది.

"మా మహిమనే! రా బిడ్డా" అంది సాయవ్వ, డబ్బా మూత తీస్తూ. "నీ పిల్లలకని రెండు లడ్డూలు దాచిపెట్టిన."