సెప్టెంబరులో పాసైనవాళ్ళు

నేను ఒక అల్లిక సూదిని. పదో నంబరు, అల్యూమినియం. స్వెట్టర్లు అల్లడానికే పుట్టాను గానీ ఈ జన్మలో ఒక్క స్వెట్టరూ పూర్తి చేయలేదు. నన్ను కొన్నది ఒక హాస్టల్ వార్డెన్. చలి అంటే ఏమిటో తెలియని రాయలసీమ ఊళ్ళో, చెమట తుడుచుకుంటూ ఒక చెయ్యి వరకు అల్లి, ఆవిడ విసిగిపోయి మానేసింది. నా జోడు సూది వంటింటి తూము గుచ్చడానికి పోయింది. నేను సొరుగులో మిగిలాను. బదిలీ మీద వెళ్తూ ఆవిడ సామాను సర్దుతుంటే, పక్కింట్లో ఉండే హైమావతి మేడం నన్ను ఇమ్మని అడిగి తీసుకున్నారు. ఆమె డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్.

"స్వెట్టరు నువ్వు పూర్తి చేస్తావా హైమా?" అంది వార్డెన్.

"లేదక్కా. పిల్లోల్లను వెదకాల."

కంప్యూటర్లు మా ఊరి దాకా రాని రోజులవి. ఇంటర్ లెక్కల్లో నలభై ఐదు లోపు మార్కులతో డిగ్రీలో చేరే పిల్లలకు మేడం ఆరు వారాల పునాది క్లాసు నడిపేవారు. బల్లలు ఇరవై నాలుగే. ముందు దరఖాస్తు పెట్టిన ఇరవై నాలుగు మందికి చోటు, తర్వాత వచ్చినవాళ్ళకు లేదు. అలా చేరిన మొదటి ఐదేళ్ళ పిల్లలకు మూడేళ్ళ డిగ్రీ గడువు ముగిసింది. ఆ క్లాసు వల్ల ఎవరైనా డిగ్రీ గట్టెక్కారా లేదా అన్నది ఆమెకు తేలాలి.

శుభలేఖల ప్రెస్సు నుంచి మందపు అట్ట తెప్పించి, ఒక్కో విద్యార్థికి ఒక్కో కార్డు చేశారు. అంచున వరసగా చిల్లులు. ఒక్కో చిల్లు ఒక్కో ప్రశ్న: మార్కులు తక్కువా? పునాది క్లాసుకు వచ్చారా? డిగ్రీ పూర్తి చేశారా? జవాబు అవునైతే ఆ చిల్లును అంచు దాకా కత్తిరించి తెరుస్తారు. కార్డులన్నీ దొంతరగా పేర్చి, ఆ చిల్లులోంచి నన్ను దూర్చి పైకెత్తితే, తెరిచినవి జారి బల్ల మీద పడతాయి, మిగతావి నాకు వేలాడతాయి. మనుషులు పడిపోవడాన్ని ఓటమి అంటారు. నా దగ్గర పడ్డవాళ్ళే గెలిచినవాళ్ళు. ఈ పనికి నేను గర్వపడ్డాను, దాచడమెందుకు.

ఆ జూన్‌లో ప్రిన్సిపాల్ నరసింహులు సారు, నలభై ఐదు లోపు మార్కులవాళ్ళకు ఇక సీటే ఇవ్వకూడదని తీర్మానం రాశారు. శనివారం స్టాఫ్ కౌన్సిల్‌లో అది ఖాయమవుతుంది. సోమవారం వరండాలో సుంకమ్మ అనే అమ్మాయి నిలబడింది. లెక్కల్లో ముప్పై ఏడు. చేతిలో దరఖాస్తు, చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

"మేడం, నాది తీసుకుంటారా? ఈడ సీటు రాకుంటే ఇంగ చదువు లేదు నాకు. వేరే ఊరికి పంపరు."

"శనివారం దాకా ఓపిక పట్టు పాపా," అన్నారు మేడం.

పునాది క్లాసుకు వచ్చిన నూట ఇరవై కార్డులనూ ఆ రోజే పేర్చి, చివరి చిల్లులో నన్ను దూర్చి ఎత్తారు. పడినవి ముప్పై ఒకటి. మళ్ళీ ఎత్తారు. అవే ముప్పై ఒకటి. ఆమె నన్ను మిగిలిన కార్డులతో సహా బల్ల మీద పెట్టారు. ఐదు వేసవుల కష్టం ఇంతేనా అని ఆమెకు ఏడుపొచ్చింది. కానీ లెక్కను దాచే రకం కాదు ఆమె. ఉన్నదున్నట్టు కాగితం మీద రాశారు.

టీ తెచ్చిన అటెండర్ మహబూబ్ బాషా, నాకు మిగిలిన కార్డుల్లో ఒకదాని పేరు చదివాడు.

"ఈ ఓబులేసు ఫెయిలేంది మేడం? సర్టిఫికెట్ నా చేత్తోనే ఇచ్చినా గదా. సెప్టెంబర్లో పాసైనాడు."

అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడుందో. ఆఫీసు వాళ్ళు మార్చి ఫలితాలనే పెద్ద రిజిస్టరులో ఎక్కిస్తారు. సెప్టెంబరు ఫలితాలు పల్చటి కాగితాల మీద వస్తాయి, నోటీసు బోర్డు మీద నాలుగు రోజులుండి మూటలోకి పోతాయి. మార్చిలో తప్పినవాడు కాలేజీ లెక్కలో శాశ్వతంగా తప్పినట్టే. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు పెట్టి ఫలితం ఒక్కసారే రాసుకునే ఈ మనుషుల తెలివికి నేను నవ్వాపుకోలేకపోయాను. మేడం మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని మూటలు విప్పించారు. మంగళ, బుధ, గురు, శుక్ర. హాల్ టికెట్ నంబరు కలిస్తేనే కత్తెర ఆడేది. రామాంజనేయులు అనే పేరే ఐదుగురికి ఉంది మరి.

శనివారం కౌన్సిల్‌లో ఆమె ఏమీ వివరించలేదు. నన్ను ప్రిన్సిపాల్ చేతికే ఇచ్చి, "మీరే ఎత్తండి సార్," అన్నారు.

నూట ఇరవైలో డెబ్బై తొమ్మిది పడ్డాయి. తర్వాత, అంతే తక్కువ మార్కులుండి బల్లలు చాలక క్లాసు దొరకని తొంభై మందివి. వాళ్ళ సెప్టెంబర్లు కూడా వెదికి కత్తిరించినవే. ఇరవై నాలుగే పడ్డాయి.

"క్లాసుకు వచ్చినోల్లు మొదటి నుంచీ పట్టుదల ఉన్నోల్లేమో," అన్నారు సారు.

"కొంత ఉండొచ్చు సార్. అయినా దొరకనోల్లు కూడా చేరాలనే వచ్చినోల్లే. నాలుగు రోజులు లేటుగా వచ్చినారు, అంతే."

సారు కార్డులు తిరగేస్తూ కూర్చున్నారు. "సెప్టెంబరు పాసును కూడా పాసంటామా?" అని ఒక లెక్చరర్ గొణిగాడు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా బీఎస్సీ సెప్టెంబరుదే. అది పాసు కాకుంటే నేనీ కుర్చీలో ఉండకూడదు," అన్నారు, తీర్మానాన్ని మడిచి ఫైలు అడుగున పెడుతూ. "బల్లలు ఇంకో ఇరవై నాలుగు కావాలని రాయండి."

సుంకమ్మకు సీటు వచ్చింది. మూడేళ్ళ తర్వాత మార్చిలో తప్పింది. సెప్టెంబరులోనూ తప్పింది. ఆ రెండుసార్లూ ఆమె కార్డు నాకు వేలాడింది, నాకు నిజంగా బాధేసింది. ప్రతిసారీ మేడం ఆమె ఊరికి ఉత్తరం రాశారు, తప్పిన పేపరు మళ్ళీ ఎప్పుడుందో తేదీ వేసి. మరుసటి మార్చిలో పాసైంది. సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు మేడం కత్తెర ఆమె చేతికిచ్చి, "నీది నువ్వే కత్తిరించుకో," అన్నారు.

సుంకమ్మ కత్తిరించింది. మేడం నన్ను ఎత్తారు. ఆమె కార్డు జారింది. ఆ అమ్మాయి దాన్ని తీసుకోలేదు. నాకింకా వేలాడుతున్న వాటి పేర్లు ఒక్కొక్కటే చదువుతూ ఒక చోట ఆగింది.

"ఈ తిప్పమ్మ నా బెంచీనే మేడం. ఒక్క పేపరు పోయిందని ఇంట్లోనే ఉండిపోయింది. పరీక్ష ఫారం ఒకటి ఇయ్యండి, పోయేటప్పుడు వాల్ల ఊర్లో దిగి పూర్తి చేయిస్తా."

మేడం ఫారం ఇచ్చారు. సుంకమ్మ దాన్ని తన సర్టిఫికెట్ ఉన్న కవరులోనే పెట్టుకుని బస్సుకు పోయింది.