పులిసిన గంజి

ఎమ్మిగనూరు సాలెవీధిలో తిక్కయ్య సారా మానినాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. సర్కారు సారా అంగళ్లను మూయించకముందే మానినాడు కాబట్టి, సారా దొరక్క మానినాడని అనడానికి కూడా వీల్లేకపోయింది. అందరికన్నా ఆఖరున నమ్మింది పెండ్లాం హంపమ్మ. నమ్మిందనడం కూడా పెద్దమాటే. పొయ్యిమీది పాలను చూసినట్టు మొగుడిమీద ఒక కన్ను వేసే ఉంచింది.

ఉంచక ఏం చేస్తుంది? తాగిన మైకంలో ఒకసారి మగ్గం మీది పడుగును, నిలువు పోగులన్నిటినీ, కత్తితో అడ్డంగా కోసేసినాడు. నూలు ఇచ్చే ఆదోని షావుకారు బాలకృష్ణయ్య ఆ పొద్దే చెప్పేసినాడు, ఇంకొకసారి తాగినట్టు చెవిన పడితే నూలు ఇచ్చేది లేదని. నూలు రాకపోతే మగ్గం గుంతలో సాలెపురుగు తప్ప నేసేవాడు ఉండడు.

బీడీ మాత్రం ఆమె మాన్పించలేదు. రెండూ ఒక్కసారే లాగేస్తే మనిషి మళ్లీ సారాకే పోతాడని అత్త సుంకులమ్మ చెప్పింది. వీధిలో నలుగురూ అదే చెప్పినారు. అందుకని సంతకు పోయినప్పుడల్లా హంపమ్మే బీడీకట్ట కొని తెచ్చి, జ్వరం మనిషికి మందిచ్చినంత శ్రద్ధగా మొగుడి చేతిలో పెట్టేది.

పడుగు ఉన్నచోట నిప్పు పనికిరాదు. ఒక్క రవ్వ పడిందంటే చీర బతుకు అంతటితో సరి. అందుకే తిక్కయ్య బీడీ తాగాలంటే పెరట్లో మొండిగోడ చాటుకు పోయేవాడు. ఒకనాడు బూడిద పారబోయడానికి అక్కడికి పోయిన హంపమ్మ నిలబడిపోయింది. గోడ మొదట్లో పాత బీడీముక్కలు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. కొత్తది ఒక్కటీ లేదు. వాన పడలేదు, ఆ చోటు ఊడ్చే దిక్కూ లేదు.

మరి తను తెచ్చిన కట్టలు ఏమైనట్టు? కొండవైపు నుంచి దొంగసారా దిగుతాందని వీధిలో గుసగుస ఉంది. బీడీలు పుచ్చుకొని సారా పోసేవాడు ఉండకపోడు.

అప్పటినుంచి అన్నీ అనుమానంగానే తోచినాయి. నూలుపోగు తెగితే చాలు, మనిషి మండిపడుతున్నాడు. చేతివేళ్లు ఒకచోట నిలవడం లేదు. ఆ సాయంత్రం సంగటి పెడుతూ వంగినప్పుడు అతని నోటినుంచి పుల్లటి వాసన గుప్పుమంది. పడుగుకు పట్టించే పులిసిన గంజి వాసన అతని చేతులకు ఎప్పుడూ ఉండేదే. ఆ గంజి కంపుకూ కల్లు కంపుకూ పెద్ద తేడా లేదని సాలెవీధిలో పసిబిడ్డకు కూడా తెలుసు. కానీ చేతులకుండే వాసన నోటికెందుకు వస్తుంది?

అడగలేదు. సారా రోజుల్లో అడిగినప్పుడల్లా ఒట్టు పెట్టినాడు. ఆ ఒట్లతో ఒక ఇల్లు కప్పొచ్చు.

మరునాడు తెల్లారుతుండగానే తిక్కయ్య గంజికుండ ఎత్తుకొని వీధిలోకి పోయినాడు. కొయ్యల నడుమ పడుగు సాచి, మగవాళ్లంతా కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. వాళ్లలో వీరభద్రప్ప ఉన్నాడు. ఒకప్పుడు తిక్కయ్యను సారా అంగడికి భుజమ్మీద చెయ్యేసి తీసుకుపోయింది అతనే. ఇతనికన్నా ముందే మానినాడంటారు. అంటారంతే. హంపమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లుతూ కొంగు చాటునుంచి చూస్తూనే ఉంది.

మిగతావాళ్లు కుంచెలతో పడుగు అవతలి కొసకు పోయినారు. వీరభద్రప్ప చిన్న ముంత ఒకటి తీసి తిక్కయ్యకు ఇచ్చినాడు. తిక్కయ్య గోడవైపు తిరిగి గటగటా మింగి మూతి తుడుచుకున్నాడు.

హంపమ్మ పేడచేతులతోనే పోయి ఎదురుగా నిలబడింది.

"ఆ ముంత ఇట్లా తే."

"నీకెందుకులేమ్మా," అని వీరభద్రప్ప ముంతను వెనక్కి దాచబోయినాడు. ఆమె లాక్కుని అడుగున మిగిలింది నోట్లో పోసుకుంది. మండలేదు. పిండి పిండిగా నాలుకకు అంటుకుంది.

పడుగు గంజి! పడుగు ఆకలి తీరకుండా మనిషి ఆ కుండలో గంజి నోట పెట్టకూడదని వీధి కట్టు. మగ్గం ఉసురు తగులుతుందంటారు. సారా తాగి పడుగు కోసినవాడు ఇప్పుడు దాని గంజే తాగుతున్నాడు.

"పడుగు నోటికాడ కూడు తాగుతాండావా? ఏం కరువొచ్చింది నీకు?"

వీరభద్రప్ప అడ్డం వచ్చినాడు. తానే తాగమన్నానని, బీడీ మానినప్పుడు తనను నిలబెట్టింది ఈ గంజేనని, పుల్లది ఒక గుటక మింగితే నోరు కాసేపు పొగను అడగదని చెప్పుకొచ్చినాడు.

"బీడీ మానమని ఎవురు సెప్పినారన్నా?" అంది హంపమ్మ. "అదన్నా ఉంటే సారా తట్టు పోడనే కదా నేను సంతసంతకూ తెస్తాండేది."

తిక్కయ్య తల వంచుకొని కుంచె పీచు సరిచేసినాడు. మెల్లగా అన్నాడు:

"నువ్విచ్చిన బీడీ ముట్టించినప్పుడల్లా సారా అంగడి అరుగు మీద కూసున్నట్టే ఉంటాదే. పొగ పడినాక గొంతు సారా కోసమే సూస్తాది."

ముందే ఎందుకు చెప్పలేదని హంపమ్మ అడిగింది.

"సెప్తే బయపడి ఇంకో కట్ట తెస్తావని. అన్నీ సూరులో ఉండాయి, పోయి సూసుకో."

పోయి చూసుకుంది. చూరులో చెయ్యిపెడితే కట్టలు ఉన్నాయి, చుట్టిన దారం చుట్టినట్టే. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. దారం విప్పి మళ్లీ కట్టినాడేమోనని ముడులు కూడా చూసింది. అన్నిటినీ తీసుకుపోయి పొయ్యిలో వేసింది. ఇల్లంతా పొగ కమ్ముకుంది. ఇన్నాళ్లూ ఆ పొగను తన చేతులతోనే మొగుడి నోట్లో పెట్టినానని అప్పుడు తట్టింది. సుంకులమ్మ దగ్గుకుంటూ, ఏం తగలబెడుతున్నావే అని కేకేసింది. నువ్వు చెప్పిన మందేలే అత్తా, అని హంపమ్మ బదులిచ్చింది.

ఆ పొద్దే జొన్న అంబలి కాచి పులియబెట్టింది. మరునాడు దాన్ని ముంతలో పోసుకొని, వీధంతా చూస్తుండగానే పడుగు దగ్గరికి తెచ్చింది. తిక్కయ్య చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఊదు," అంది.

ముఖం మీద ఊదించుకొని, కళ్లు మూసుకొని వాసన చూసింది.

"ఇప్పుడన్నా నమ్మినావా?"

"లేదు," అని ముంత అతని చేతికిచ్చింది. "తాగు. రేపూ సూస్తా."