లీటరుకు ఇరవై ఎనిమిది

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే పుల్లయ్య ఈ లోకంలో నమ్మేది ఒక్కదాన్నే. అవుట్‌టర్న్. క్వింటాలు వడ్లు మరలో పోస్తే ఎన్ని కిలోల బియ్యం వచ్చాయన్న లెక్క అది. గుడికి పోయినా, ఎన్ని కొబ్బరికాయలకు ఎంత పుణ్యం దిగిందని ఆయన మనసు లెక్క వేస్తుంటుంది. ఇక తరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. రైతు తెచ్చిన బస్తాలో తేమ పేరుతో ఒక కిలో, తాలు పేరుతో ఒక కిలో కోసీ కోసీ చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, ఇంటికొచ్చిన చుట్టానికి పోసే చాయ్ కూడా గ్లాసుకు రెండు వేళ్లు తక్కువే ఉంటుంది.

అలాంటి మనిషి హైబ్రిడ్ కారు కొన్నాడు. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడుస్తుందనీ, బ్రేకు తొక్కినప్పుడల్లా వృథాగా పోయే బలంతో బ్యాటరీ దానంతటదే నిండుతుందనీ షోరూం వాళ్లు చెప్పగానే పడిపోయాడు. ఊకను, తవుడును కూడా వదలకుండా అమ్ముకునేవాడికి అంతకంటే తీయని మాట ఏముంటుంది? లీటరుకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లని మిల్లర్ల మీటింగులో చెప్పాడు, బియ్యం లారీల డ్రైవర్లకు చెప్పాడు, చివరికి దవాఖానలో బీపీ చూసే నర్సుకు కూడా చెప్పాడు.

నమ్మనివాడు ఒక్కడే. కోదాడలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే బావమరిది నాగభూషణం.

"కాగితం మీద మా జీపు కూడా ఎగురుద్ది బావగారూ," అని ఫోన్‌లో నవ్వాడు. "మా వర్ష నిశ్చితార్థానికి వస్తున్నారుగా. మా గుమ్మం ముందు ఆ ఇరవై ఎనిమిది చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా."

"సూపిస్త. నీ గుమ్మం ముంగటనే సూపిస్త," అన్నాడు పుల్లయ్య.

ఆ క్షణం నుంచి ఆయన దృష్టిలో నిశ్చితార్థమంటే మైలేజీ పరీక్ష. ఆయన భార్య కస్తూరికి మాత్రం అది వేరే పరీక్ష. వాళ్ల పుట్టింటి ఆనవాయితీ ప్రకారం ఆడపిల్ల కాళ్లకు పసుపు, పారాణి పెట్టి పీట మీద కూర్చోబెట్టేది మేనత్తే. మూడేళ్ల కిందట నాగభూషణం పెద్దకూతురి నిశ్చితార్థం నాడు పుల్లయ్య ఒక రైతుతో తేమ దగ్గర వాదన పెట్టుకుని రెండు గంటలు ఆలస్యం చేశాడు. వాళ్లు పోయేసరికి కస్తూరి వదినగారి అక్క రేణుకమ్మ పారాణి పెట్టేసి చేతులు కూడా కడుక్కుంది. ఆల్బంలో కస్తూరి కనబడేది భోజనాల బంతిలోనే. వర్ష రెండోపిల్ల. ఆ ఇంట్లో ఇక మూడో ఆడపిల్ల లేదు. ఇది తప్పితే మరోసారి లేదని కస్తూరికి తెలుసు, వారం రోజులుగా ఆ మాట పుల్లయ్యకు చెబుతూనే ఉంది.

ముహూర్తం పది గంటల అయిదు నిమిషాలకు. ఏడింటికే పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని, పారాణి గిన్నె చేత పట్టుకుని కస్తూరి కారెక్కింది. కారు గేటు దాటలేదు. తిన్నగా మిల్లులోని లారీల కాంటా ఎక్కింది.

"బరువు ఎంత తగ్గితే మైలేజీ గంత వస్తది," అని పుల్లయ్య స్టెప్నీ తీయించాడు. జాకీ తీయించాడు. కాళ్ల కింది పట్టాలు తీయించాడు. కాంటా అంకె చూసే ధన్‌సింగ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సేటూ, ఇది లారీలు తూచే కాంటా. పది కిలోల లోపలిది పట్టదు."

"సూడు అన్నంక సూడు. కస్తూరీ, నువ్వు జర దిగు."

కస్తూరి దిగింది. ఎర్ర అంకెలు మారాయి.

"అమ్మ దిగితే డెబ్బై తగ్గింది సేటూ!" అని ధన్‌సింగ్ మైకులో అరిచాడు, పాపం, లారీల బరువు అలా అరవడమే వాడికి అలవాటు. హమాలీలంతా తలతిప్పి చూశారు. కస్తూరి ముఖం పారాణి కంటే ఎర్రబడింది. కారెక్కి కూర్చుంది.

బయలుదేరేసరికి పావు తక్కువ ఎనిమిది. హుజూర్‌నగర్ మీదుగా పోతే కోదాడ యాభై కిలోమీటర్లు. కారు సూర్యాపేట దారి పట్టింది.

"ఇటెందుకండీ? ఇటు తొంభై అవుతుంది!"

"గా దారిల అన్ని స్పీడ్ బ్రేకర్లు, సిమెంటు లారీలు. మైలేజీ రాదు. హైవే మీద సాఫుగ పోవచ్చు."

"దూరం రెట్టింపు. పెట్రోలు ఎక్కువ కాలదూ?"

"ఎంత కాలిందని కాదే, లీటరుకు ఎంత వచ్చిందన్నదే లెక్క," అని పుల్లయ్య జాలిగా చూశాడు. "మిల్లుల గూడ వడ్లు ఎక్కువ పోస్తెనే అవుట్‌టర్న్ నికరంగ వస్తది."

ఏప్రిల్ ఎండ. ఏసీ వేస్తే మైలేజీ పోతుంది, వేయలేదు. అద్దాలు దించితే గాలి కారును వెనక్కి లాగుతుందట, దించలేదు. బండి నలభై దాటకుండా, యాక్సిలరేటర్ మీద కోడిగుడ్డు పెట్టినట్టు తొక్కాడు. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ముందర పచ్చలైటు వెలుగుతుంది. అది వెలిగినప్పుడల్లా ఆయన ముఖం కూడా వెలిగింది. స్టెప్నీ తీసేశాడు కాబట్టి దారిలో పంక్చరయి ఉంటుందని మీరు ఎదురుచూస్తుంటారు. కాలేదు. దేవుడు అంత తేలికగా వదలదలచుకోలేదు.

సూర్యాపేట చేరేసరికి తొమ్మిదయింది. స్టీరింగు వెనక తెరమీద మైలేజీ ఇరవై ఏడు పాయింట్ ఆరు. కస్తూరి మల్లెపూలు వడలి మెడమీద పడ్డాయి.

"ఇంకా నలభై అయిదు కిలోమీటర్లు ఉంది. ఇప్పుడన్నా కాస్త తొక్కండి. రేణుకమ్మ పసుపు గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంటుంది."

"జర ఓపిక పట్టు. ఇంక కొంచమే. ఇరవై ఎనిమిది అయితది."

"నన్ను బస్టాండు దగ్గర దించండి."

పుల్లయ్య ఉలిక్కిపడ్డాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ పెట్టి జనాన్ని పాడుచేస్తున్నారని మిల్లర్ల మీటింగులో గంటసేపు మాట్లాడినవాడు ఆయన. "ఫుకట్ బస్సులనా? మన ఇంటి ఆడోళ్లా? నలుగురు సూస్తే..." అనబోయి ఆగిపోయాడు. డెబ్బై కిలోలు. కాంటా మీది ఎర్ర అంకె కళ్లముందు కదిలింది.

"సరె, పైలంగ పో," అన్నాడు. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో ఆయనకే సిగ్గేసింది. కస్తూరి ఒక్క క్షణం ఆయనవైపు చూసి, పారాణి గిన్నె కొంగులో దాచుకుని దిగిపోయింది.

చివ్వెంల దగ్గర ఆటోలు ఆయన్ని దాటిపోయాయి. మునగాల రాకముందే ఎక్స్‌ప్రెస్ బస్సు దాటిపోయింది. కిటికీ పక్కన కస్తూరి, గాలికి చెంపల మీది వెంట్రుకలు ఎగురుతున్నాయి. పుల్లయ్య చెయ్యి ఎత్తబోయాడు. సరిగ్గా అప్పుడే తెరమీద అంకె ఇరవై ఎనిమిదికి మారింది. చెయ్యి అలాగే ఉండిపోయింది, కళ్లు తెరమీదికి పోయాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన పరమానందపడ్డాడు.

పదీ ఇరవైకి కోదాడలో బావమరిది గుమ్మం ముందు బండి ఆపాడు. ఇరవై తొమ్మిది పాయింట్ రెండు! కానీ బండి బంద్ చేస్తే ఆ అంకె చెరిగిపోతుంది. అందుకని దిగలేదు. లోపలినుంచి మేళం వినిపిస్తోంది, జనం చప్పట్లు వినిపిస్తున్నాయి. హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. నాగభూషణానికి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఉంగరాలు మార్చుకుంటున్నారండీ! లోపలికి రండి!"

"నువ్వే జర బయటికి రా. అంకె సూద్దువు."

ఫోన్ కట్టయింది. పుల్లయ్య కూర్చున్నాడు. చెమట చొక్కాలోంచి సీటుకు దిగింది. పది నిమిషాలకు కళ్లు తిరిగాయి, ఇక తప్పక ఏసీ వేశాడు. ఏసీ బ్యాటరీని తాగింది. బ్యాటరీ తగ్గగానే ఇంజను దానంతటదే లేచి గుర్రుమంది. నిలబడ్డచోట పెట్రోలు కాలుతుంటే అంకె దిగడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిదిన్నర. ఏసీ ఆర్పితే కళ్లు తిరుగుతున్నాయి, వేస్తే అంకె దిగుతోంది. పుట్టి బుద్ధెరిగి ఒకరికి తరుగు తీయడమే గాని, తన కళ్లముందు తన సొమ్ము ఇలా తరిగిపోవడం ఆయన చూడలేదు.

కారు అద్దం మీద ఎవరో తట్టారు. కస్తూరి. వేళ్లకు పసుపు, గోళ్ల సందుల్లో పారాణి ఎరుపు. కాంటా మీద ఎర్రబడ్డ ముఖం ఇప్పుడు వేరే రకంగా ఎర్రగా ఉంది.

పుల్లయ్య అద్దం దించాడు. మైలేజీ గురించే మాట్లాడదామనుకున్నాడు, నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"పెట్టినవా?"

"పెట్టాను. రేణుకమ్మ అప్పటికే గిన్నె చేతికెత్తుకుంది. గుమ్మంలోంచే 'ఆగండొదినా' అని కేకేశాను. వర్ష లేచొచ్చి నన్ను పట్టుకుంది." కస్తూరి కళ్లు తుడుచుకుంటే చెంపకు పసుపు అంటింది. "నేను దిగాక మీ అంకె ఎంత పెరిగింది?"

అబద్ధం చెప్పాలని చూశాడు, వల్ల కాలేదు. "ఒకటిన్నర."

కస్తూరి తల ఊపింది. కొంగు ముడి విప్పి, నలిగిన బస్సు టికెట్టు ఒకటి తీసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఇచ్చే టికెట్టు. దానిమీద సున్నా రూపాయలు.

"మీ అంకె బండి ఆర్పితే పోతుంది. ఇది పోదు, దాచుకోండి. మీటింగులో చూపించొచ్చు."

తెరమీద ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది. నాగభూషణం చేతులు తుడుచుకుంటూ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు, "ఏదండీ బావగారూ, ఎంతొచ్చింది?" అంటూ. పుల్లయ్య భార్య చేతి పసుపువైపు చూశాడు, జేబులోని టికెట్టు తడుముకున్నాడు, బటన్ నొక్కి బండి బంద్ చేశాడు.

"ఏం రాలె బావా," అన్నాడు దిగుతూ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "భోజనాలు అయినయా?"

"మొదటి బంతి కూర్చుంటోంది, రండి," అంది కస్తూరి ముందు నడుస్తూ. "తరుగు తీయకుండా వడ్డించమని చెబుతాలెండి."